సికిల్ సెల్ ఉన్న పిల్లాడికి జ్వరం, దగ్గు: ‘వైరలే’ అన్నాక కూడా ఆసుపత్రికి వెళ్లాలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: బాబుకు నాలుగేళ్లు, సికిల్ సెల్ జబ్బు (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే రక్తం జబ్బు), ఎస్ఎస్ రకం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ సికిల్ జన్యువే వచ్చిన రకం. మూడు రోజులుగా జలుబు, దగ్గు. నిన్న రాత్రి జ్వరం 101.8 వచ్చింది. చూసిన డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించి, బాగానే ఉంది, ఇది వైరల్, యాంటీబయాటిక్ అక్కర్లేదు, రెండు రోజుల్లో తగ్గిపోతుంది అన్నారు. పెన్సిలిన్, సికిల్ సెల్ ఇబ్బందులు తగ్గించే హైడ్రాక్సీయూరియా రోజూ ఇస్తున్నారు. ఇంట్లోనే ఉంచాలా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా, ఈ జ్వరంలో హైడ్రాక్సీయూరియా ఆపాలా అన్నవి మీ సందేహాలు.

తీసుకెళ్లండి. ఇవాళే, ఇది చదవగానే. జ్వరం 101.3 ఫారెన్‌హీట్, అంటే 38.5 సెల్సియస్ దాటితే సికిల్ సెల్ ఉన్న పిల్లల విషయంలో అది ఎమర్జెన్సీ. జలుబు ఉన్నా సరే, ఎక్స్‌రే బాగున్నా సరే, జ్వరం బిళ్లతో తగ్గి పిల్లాడు ఆడుకుంటున్నా సరే. కొన్ని ఆసుపత్రులు ఇంకా తక్కువకే, 100.4 దగ్గరే రమ్మంటాయి. మీ బాబును రెగ్యులర్‌గా చూసే హెమటాలజీ (రక్తం జబ్బుల విభాగం) వాళ్లు ఏ అంకె చెప్పారో దాన్నే పాటించండి. ఏ లెక్కన చూసినా 101.8 గీత దాటినట్టే. హైడ్రాక్సీయూరియా మీ అంతట మీరు ఆపకండి, దాని సంగతి చివర్లో చెప్తాను.

మీకు చెప్పిన డాక్టరును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మామూలు పిల్లాడికైతే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. వైరల్ జలుబుకు యాంటీబయాటిక్ రాయని డాక్టరు మంచి డాక్టరే. కాకపోతే సికిల్ సెల్ పిల్లాడిలో లెక్క మారిపోతుంది. ఎందుకు మారుతుందో తెలిస్తే రేపు ఇంకోచోట ఇంకొకరు ‘వైరలే కదా’ అన్నప్పుడు మీరు ధైర్యంగా అడగగలుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. దీన్ని దారిలో చదువుకోండి, బయల్దేరడం ఆపొద్దు.

మొదటి సంగతి స్ప్లీన్, అంటే ప్లీహం. రక్తంలోకి చొరబడ్డ బ్యాక్టీరియాను, ముఖ్యంగా న్యుమోకాకస్ లాంటి వాటిని, వడకట్టి చంపే అవయవం అది. ఎస్ఎస్ రకం పిల్లల్లో కొడవలి ఆకారపు కణాలు ఆ స్ప్లీన్‌లోనే ఇరుక్కుపోయి, పుట్టిన కొన్ని నెలలకే దాని పని మందగించడం మొదలవుతుంది. ఐదేళ్లు వచ్చేసరికి చాలామందిలో అది పేరుకే ఉంటుంది. అలాంటి పిల్లాడి రక్తంలోకి న్యుమోకాకస్ దిగితే పొద్దున ఆడుకున్నవాడు సాయంత్రానికి షాక్‌లోకి వెళ్లగలడు. ఇక్కడ చిక్కేమిటంటే, మొదటి గంటల్లో వైరల్ జ్వరానికీ ఈ బ్యాక్టీరియా జ్వరానికీ పైకి తేడా కనిపించదు. చాలా ఏళ్లుగా ఈ పిల్లల్నే చూస్తున్నా నాకూ ముఖం చూసి చెప్పడం చేతకాదు. పైగా ముక్కు కారుతోంది కాబట్టి బ్యాక్టీరియా లేదు అనుకోవడానికి వీల్లేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు. ఫ్లూ అయితే దాని వెనకే న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ న్యుమోనియాలు రావడం వైద్యంలో పాత సంగతే.

‘పెన్సిలిన్ ఇస్తున్నాం కదా’ అని అడుగుతారు. ఇవ్వాలి, ఒక్క పూట కూడా మానకుండా ఇవ్వాలి. 1986లో వచ్చిన అధ్యయనంలో రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ తాగిన చిన్నపిల్లల్లో న్యుమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో దాన్ని అనుకున్న గడువుకు ముందే ఆపి అందరికీ పెన్సిలిన్ ఇమ్మన్నారు. కానీ 84 అంటే 100 కాదు కదా. టీకాలన్నీ వేయించినా అంతే. ఇవి ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి, జ్వరం వచ్చిన రోజు పరీక్ష అక్కర్లేకుండా చేయవు.

రెండో సంగతి ఊపిరితిత్తులు. అసలు ఈ జవాబు రాయడానికి కారణం ఇదే. స్ప్లీన్ గురించి ఇప్పుడు చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగితే ఏమవుతుందో అంతగా తెలియదు.

మామూలు పిల్లాడిలో వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడ కాస్త వాపు, కఫం వస్తాయి. ఆ భాగంలో గాలి ఆడదు, ఆక్సిజన్ కొంచెం తగ్గుతుంది, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. సికిల్ పిల్లాడిలో ఆక్సిజన్ తగ్గడం దగ్గర కథ ఆగదు. ఆక్సిజన్ తగ్గిన చోట ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ గడ్డకట్టినట్టు గట్టిపడి కణం వంగిపోతుంది. వైరస్ వల్ల రక్తనాళాల లోపలి గోడ అప్పటికే జిగురుగా తయారై ఉంటుంది. వంగిన కణాలు దానికి అతుక్కుంటాయి, సన్నటి నాళాలు మూసుకుంటాయి. ఆ భాగానికి రక్తం అందదు, ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, ఇంకొన్ని కణాలు వంగుతాయి. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోయే ఈ పరిస్థితినే మేం అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ అంటాం. జ్వరమో, దగ్గో, ఆయాసమో, ఛాతీ నొప్పో ఉండి ఎక్స్‌రేలో కొత్తగా తెల్లటి మచ్చ కనిపిస్తే ఆ పేరు పెడతాం. సికిల్ సెల్‌లో ప్రాణం మీదికి తెచ్చే వాటిలో ఇది ముందు వరుసలో ఉంటుంది. చిన్నపిల్లల్లో దీన్ని మొదలుపెట్టేది ఎక్కువగా ఇన్ఫెక్షనే, అందులోనూ వైరస్‌ల వాటా తక్కువేం కాదు.

2000లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలోని 30 ఆసుపత్రులు కలిసి ఇలాంటి 671 కేసులు పరిశీలించాయి. అందులో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఒకటే. దాదాపు సగం మంది ఆసుపత్రిలో చేరింది ఊపిరితిత్తుల సమస్యతో కాదు, ఎక్కువగా ఒళ్లు నొప్పులతో. చేరిన రెండున్నర రోజులకు, సగటున, ఛాతీ లక్షణాలు బయటపడ్డాయి. అంటే మొదటి రోజు ఎక్స్‌రే బాగుండటం మూడో రోజుకు గ్యారంటీ కాదు. మీ చేతిలో ఉన్న ఆ నార్మల్ ఎక్స్‌రే తీసిన పూటకు నిజం. అంతవరకే.

నేను చూసిన ఒక పాప సంగతి చెప్తాను. ఏడేళ్లు ఉంటాయి. కాళ్ల నొప్పులతో, ముక్కు కారుతూ వచ్చింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, ఆక్సిజన్ 97. రెండో రోజు మంచం మీద కూర్చుని బొమ్మలు గీస్తోంది. మూడో రోజు పొద్దున వాళ్లమ్మ నర్సును పిలిచి, ‘ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల, ఇవాళ రెండు మాటలకోసారి ఆగుతోంది’ అంది. అంతే చెప్పింది. దగ్గు పెద్దగా లేదు, జ్వరం కూడా కొంచెమే. వెళ్లి చూస్తే నోరు కొద్దిగా తెరిచి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. ఆక్సిజన్ 91. మళ్లీ ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ చేరినప్పటికంటే దాదాపు రెండు గ్రాములు పడిపోయింది. ముక్కు నుంచి తీసిన నమూనాలో వచ్చింది ఫ్లూ. ఆ రాత్రే రక్తం ఎక్కించాం, నిలదొక్కుకుంది. ఆ తల్లి ‘మూడో రోజు కదా, నీరసంగా ఉందేమో’ అని సరిపెట్టుకుని ఉంటే ఇంకో సగం రోజు పోయేది. ఇలాంటప్పుడు సగం రోజు చాలా ఎక్కువ.

ఏ వైరస్ ఎంత ప్రమాదం అన్నది చాలామంది అడుగుతారు. ఫ్లూ గట్టి శత్రువు. సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఫ్లూతో ఆసుపత్రిలో చేరే రేటు మిగతా పిల్లల కంటే 56 రెట్లు ఎక్కువని 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. రెండేళ్లలోపు వాళ్లలో ఊపిరితిత్తులను పట్టే వైరస్ ఆర్‌ఎస్‌వి బాగా ఇబ్బంది పెడుతుంది. కోవిడ్‌తోనూ చెస్ట్ సిండ్రోమ్ వస్తుంది. మామూలు జలుబు వైరస్ అనుకునే రైనో వైరస్ కూడా కొందరిని అడ్మిషన్ దాకా తెస్తుంది. అందుకే రిపోర్టులో వైరస్ పేరు చూసి ‘హమ్మయ్య, ఇది చిన్నదే’ అనుకోవడం నాకు నచ్చదు. నేను ముందు చూసేది పిల్లాడి ఊపిరి, ఆక్సిజన్, హిమోగ్లోబిన్. పేరు ఆ తర్వాత.

పార్వో వైరస్ మాత్రం వేరే రకం దెబ్బ కొడుతుంది. అది ఎముక మజ్జలో ఎర్ర కణాల తయారీని వారం పది రోజులు ఆపేస్తుంది. మామూలు వాళ్లకు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే వాళ్ల ఎర్ర కణం నూట ఇరవై రోజులు బతుకుతుంది. సికిల్ కణం బతికేదే రెండు మూడు వారాలు, అందుకే హిమోగ్లోబిన్ ఒక్కసారిగా జారిపోతుంది. జలుబు, జ్వరం తర్వాత పిల్లాడు పాలిపోయి, లేచి నడవడానికి కూడా ఓపిక లేక పడుకుంటే అది అనుమానించాలి. రక్తపరీక్షలో రెటిక్యులోసైట్ల (అప్పుడే తయారైన ఎర్ర కణాల) సంఖ్య బాగా తగ్గితే విషయం తేలిపోతుంది. అదే సమయంలో ఇంట్లో సికిల్ సెల్ ఉన్న తోబుట్టువులుంటే వాళ్ల రక్తం కూడా చూపించాలి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

ఇక ఇంట్లో మీరు చూడాల్సినవి. ఇవాళ ఆసుపత్రిలో చూసి పంపించేసినా, వచ్చే నాలుగైదు రోజులు ఇవి అవసరం.

ఊపిరి లెక్కపెట్టండి. పిల్లాడు నిద్రపోతున్నప్పుడు, లేదా కదలకుండా కూర్చున్నప్పుడు, చొక్కా పైకి లేపి పొట్ట, డొక్కలు చూడండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే చిన్నపిల్లల్లో తప్పుతుంది. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. ఏడాది నుంచి ఐదేళ్ల వయసులో నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆ అంకె చేరినా, దాటినా వేగంగా ఉన్నట్టు. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నా, ముక్కుపుటాలు ఎగురుతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు వినిపిస్తున్నా ఇక అంకె చూడక్కర్లేదు, బయల్దేరండి.

ఆక్సిజన్ అంకెను పిల్లాడి మామూలు అంకెతోనే పోల్చండి. సికిల్ పిల్లల్లో కొందరికి ఏ జబ్బూ లేనప్పుడే 95, 96 ఉంటుంది. 99 ఉండేవాడికి 95 వస్తే అది తగ్గినట్టే. వాడి మామూలుకంటే 3 తగ్గినా, 95 లోపుకు వచ్చినా చూపించాలి. వేలికి పెట్టే మీటరు ఈ జబ్బులో, అందులోనూ చల్లబడ్డ వేళ్ల మీద, కొంత తప్పు చూపిస్తుంది. మీటరు బాగుందని చెప్తున్నా పిల్లాడు ఆయాసపడుతుంటే పిల్లాణ్నే నమ్మండి.

స్ప్లీన్ తడిమి చూడటం నేర్చుకోండి. ఎడమవైపు పక్కటెముకల కింద వేళ్లు మెల్లగా పెట్టి చూడాలి. మీ డాక్టరు ఒకసారి మీ చెయ్యి పట్టుకుని చూపిస్తే చాలు. బాగున్న రోజుల్లో అది తగులుతుందో లేదో, తగిలితే ఎంత కిందికి ఉందో తెలిసి ఉంటేనే జ్వరం రోజు తేడా తెలుస్తుంది. మామూలు వైరల్ జ్వరంతో స్ప్లీన్‌లో రక్తం ఒక్కసారిగా నిలిచిపోయి, పొట్ట ఉబ్బి, పిల్లాడు గంటల్లో పాలిపోవడం చూస్తుంటాం. ఒకసారి ఊపిరి సమస్యతో చేరిన పది నెలల పాపకు ఆర్‌ఎస్‌వి వచ్చింది. అందరి చూపూ దగ్గు మీదే ఉంది. డైపర్ మారుస్తూ వాళ్ల నాన్న, ఎడమ పక్క గట్టిగా తగులుతోంది అన్నాడు. అంతకు ముందు రోజు అక్కడ ఏమీ తగల్లేదు. ఆయన చెయ్యి పెట్టి చూడబట్టే రక్తం టైముకు అందింది.

వీటితోపాటు ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, పాలు, నీళ్లు తాగలేకపోవడం, మాట్లాడించినా మగతగా ఉండటం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యో కాలో ఆడించకపోవడం. ఇందులో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

జ్వరం బిళ్ల గురించి. ముందు థర్మామీటరు పెట్టి, అంకె, టైము రాసుకుని, తర్వాతే పారాసెటమాల్ ఇవ్వండి. ఇచ్చాక జ్వరం దిగితే జబ్బు తగ్గిందని కాదు, మందు పనిచేసిందని. ఆస్పిరిన్ వద్దు, ఫ్లూలో అది పిల్లల మెదడు, కాలేయం మీద తీవ్రంగా దెబ్బకొట్టే రేయ్ సిండ్రోమ్ తెచ్చే ప్రమాదం ఉంది. ఐబుప్రొఫెన్ సికిల్ నొప్పులకు వాడుతుంటాం, కానీ ఒంట్లో నీరు తగ్గి, మూత్రం సరిగా రాని పిల్లాడికి కిడ్నీ మీద భారం. డాక్టర్ని అడగకుండా ఇప్పుడు మొదలుపెట్టకండి. చల్లటి గుడ్డలతో తుడవడం, ఐసు పెట్టడం అస్సలు వద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని నొప్పులు లేస్తాయి. నిద్రమత్తు తెచ్చే దగ్గు సిరప్పులు, కోడీన్ ఉన్నవి దగ్గరికి రానివ్వకండి, ఊపిరి మందగిస్తుంది. నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ పట్టండి. ఈ ఒక్క దాంట్లో బలవంతం అవసరం లేదు, బిందెడు పట్టించినంత మాత్రాన కణాలు విచ్చుకోవు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. రక్తం తీసి, అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడటానికి కల్చర్‌కు పంపుతారు, హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు చూస్తారు, గ్రూపు చూసి అవసరమైతే రక్తం సిద్ధం చేసి పెడతారు. ఎక్స్‌రే మళ్లీ తీయొచ్చు. ముక్కు నుంచి ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వి పరీక్షలు చేయొచ్చు. కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ఎక్కువచోట్ల సెఫ్ట్రియాక్సోన్, ఇస్తారు. ‘వైరల్ అయితే యాంటీబయాటిక్ ఎందుకు’ అనే మీ ప్రశ్నకు జవాబు ఇదే. ఆ ఇంజెక్షన్ వైరస్ కోసం కాదు. కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలేదాకా, పనిచేయని స్ప్లీన్ బదులు అది కాపలా కాస్తుంది. ఎక్స్‌రేలో మచ్చ ఉంటే దానికి అజిత్రోమైసిన్ లాంటిది కూడా కలుపుతారు, ఎందుకంటే మైకోప్లాస్మా, క్లమీడియా లాంటి బ్యాక్టీరియాలు ఈ పిల్లల ఊపిరితిత్తుల్లో తరచూ దొరుకుతాయి, వాటి మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. ఫ్లూ అనుమానం ఉంటే ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు రిపోర్టు రాకముందే మొదలుపెట్టడం మంచిది. మొదటి 48 గంటల్లో బాగా పనిచేస్తుంది. అది దాటిందని మానేయరు, ఈ పిల్లలు హై రిస్క్ కాబట్టి తర్వాత కూడా ఇస్తారు. ఇంకేమీ అడక్కపోయినా ఇది మాత్రం అడగండి.

పిల్లాడు చూడ్డానికి బాగుండి, పరీక్షలు బాగుండి, టీకాలు అన్నీ పడి, మీరు ఆసుపత్రికి దగ్గర్లో ఉండి, రేపు మళ్లీ రాగలిగితే, ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటలు చూసి ఇంటికి పంపేయొచ్చు. అది నిర్లక్ష్యం కాదు. దూరం నుంచి వచ్చామని, రాత్రి తిరిగి రావడం కుదరదని చెప్పడానికి మొహమాటపడొద్దు. అడ్మిషన్ నిర్ణయంలో అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఒకవేళ చెస్ట్ సిండ్రోమ్ అని తేలితే ఆక్సిజన్ 95 తగ్గకుండా పెడతారు. సెలైన్ మితంగా ఎక్కిస్తారు. ఎక్కువైతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోనే చేరుతుంది, కాబట్టి ‘ఒక్క బాటిలేనా’ అని కంగారు పడకండి. నొప్పికి మందు సరిపడా ఇవ్వాలి. ఇక్కడ రెండువైపులా గొయ్యి ఉంది: నొప్పి తగ్గకపోతే పిల్లాడు పైపైన ఊపిరి తీసుకుంటాడు, ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది. మార్ఫిన్ లాంటిది ఎక్కువైతే మత్తులో ఊపిరే తగ్గిపోతుంది.

లోతుగా ఊపిరి తీయించే ప్లాస్టిక్ పరికరం, ఇన్సెంటివ్ స్పైరోమీటర్, ఇస్తే దాన్ని ఆటవస్తువుగా చూడకండి. 1995లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఛాతీ నొప్పితో, వెన్ను నొప్పితో చేరిన ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్లో సగం మందికి మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పదేసి లోతైన ఊపిర్లు తీయించారు. తీయించిన 19 అడ్మిషన్లలో ఒక్క దాంట్లోనే ఊపిరితిత్తుల్లో కొత్త సమస్య వచ్చింది. తీయించని 19లో 8 సార్లు వచ్చింది. ఇంత చవకైన, ఇంత పనిచేసే వైద్యం మా దగ్గర ఇంకోటి లేదు, అయినా వార్డులో అందరూ మొదట మర్చిపోయేది దీన్నే. నాలుగేళ్లవాడికి ఆ పరికరం చేతకాదు. వాడికి సబ్బు నీళ్ల బుడగలు ఊదించండి, గిరగిర తిరిగే కాగితపు పూవు ఊదించండి. మంచం మీద నిటారుగా కూర్చోబెట్టండి, వీలైతే నడిపించండి.

హిమోగ్లోబిన్ వాడి మామూలుకంటే ఒక గ్రాము మించి పడిపోయి, ఆక్సిజన్ అవసరమవుతుంటే రక్తం ఎక్కిస్తారు. 10 దాటేలా ఎక్కించరు, సికిల్ రక్తం మరీ చిక్కబడితే అది వేరే ప్రమాదం. ఆక్సిజన్ పెట్టినా 90 దగ్గరే ఉండటం, ఆయాసం గంటగంటకూ పెరగడం, మచ్చలు పాకడం, రక్తం ఎక్కించినా హిమోగ్లోబిన్ దిగిపోవడం చూస్తే రక్తం మార్పిడి చేస్తారు, అంటే వాడి రక్తం కొంత తీస్తూ దాత రక్తం ఎక్కిస్తూ సికిల్ హిమోగ్లోబిన్‌ను 30 శాతం లోపుకు తేవడం. ఆ సౌకర్యం, పిల్లల ఐసీయూ ఉన్నచోటికి ముందే చేరడం మంచిది. పరిస్థితి చేయిదాటాక అంబులెన్సులో తిప్పడం కష్టం. ఈ మాట కొత్త ఆసుపత్రిలో ‘ఇక్కడ రక్తం మార్పిడి (ఎక్స్ఛేంజ్) చేస్తారా’ అని నిస్సంకోచంగా అడగొచ్చు.

ఆస్తమా కూడా ఉన్న పిల్లలది గోరుచుట్టు మీద రోకటిపోటే. వాళ్లలో చెస్ట్ సిండ్రోమ్ ఎక్కువ. పిల్లికూతలు ఉంటే ఇన్‌హేలర్, నెబ్యులైజర్ ఇవ్వాల్సిందే. స్టెరాయిడ్ల దగ్గర మాత్రం మేం ఆలోచిస్తాం. చెస్ట్ సిండ్రోమ్‌లో స్టెరాయిడ్ ఇస్తే త్వరగా తేరుకున్నట్టే ఉండి, ఆపాక మళ్లీ నొప్పులు లేచి తిరిగి చేరే పిల్లలున్నారు. నిజంగా ఆస్తమా దాడి అయితే ఇస్తాం, అదీ జాగ్రత్తగా. జలుబు చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు స్టెరాయిడ్ సిరప్ రాసిస్తుంటే అక్కడే ‘సికిల్ సెల్ అండీ’ అని గుర్తుచేయండి.

డిశ్చార్జి అయ్యాక రెండు వారాలు ఒక కన్నేసి ఉంచండి. చెస్ట్ సిండ్రోమ్ వచ్చిన వెంటనే పక్షవాతం ముప్పు కొంతకాలం పెరుగుతుంది. ఇందాక చెప్పిన మూతి వంకర, చెయ్యి ఆడకపోవడం అందుకే. ఇంకో సంగతి: చెస్ట్ సిండ్రోమ్ ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం ఎక్కువ. నిద్రలో గురక, నోరు తెరిచి పడుకోవడం ఉంటే అది కూడా చూపించండి.

ముందుజాగ్రత్తల్లో నేను పట్టుబట్టేవి కొన్నే. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఏటా ఫ్లూ టీకా, సూదిమందు రూపంలోనిదే, ముక్కులో కొట్టేది కాదు. ఇంట్లో వాళ్లందరూ వేయించుకోవాలి, తాతయ్య, నాయనమ్మలతో సహా. న్యుమోకాకస్ టీకా చిన్నప్పటి కోర్సుతో పాటు రెండేళ్లు దాటాక వేసే అదనపు డోసు, మెనింగోకాకస్, హిబ్ టీకాలు పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. ఇంట్లో ఇంకో పసిబిడ్డ పుట్టబోతుంటే ఆర్‌ఎస్‌వి నుంచి కాపాడే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ గురించీ, గర్భిణిగా ఉన్నప్పుడు తల్లికి వేసే ఆర్‌ఎస్‌వి టీకా గురించీ అడగండి. అవి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉన్నాయి. పొగ తాగేవాళ్లు ఇంట్లో ఉంటే గదిలో తాగినా, వసారాలో తాగినా మానమనండి. ఇంత పెద్ద జబ్బుకు సిగరెట్ ఏపాటిది అనుకుంటారు, ఊపిరితిత్తుల విషయంలో అది బాగానే లెక్కకొస్తుంది.

ఒక కార్డు మీద పిల్లాడి పేరు, జబ్బు రకం, బాగున్నప్పటి హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు, ఆక్సిజన్, స్ప్లీన్ కొలత, రక్తం గ్రూపు, ఇదివరకు రక్తం ఎక్కించిన తేదీలు, పడని మందులు, వాడుతున్న మందుల మోతాదులు రాసి మీ ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. హిమోగ్లోబిన్ 7.5 చూసి కొత్త డాక్టరు బెదిరిపోతాడు, అది వాడికి మామూలే కావచ్చు. 7.5 చూసి ‘సికిల్‌లో ఇంతే ఉంటుంది’ అని ఇంకొకరు వదిలేస్తారు, వాడి మామూలు 9.5 కావచ్చు. అర్ధరాత్రి మీ బాబును మొదటిసారి చూస్తున్న డ్యూటీ డాక్టరుకు ఆ కార్డు అన్ని రిపోర్టుల కంటే ఎక్కువ సాయం చేస్తుంది.

సికిల్ ట్రెయిట్ ఉన్న, అంటే ఒక్క జన్యువు మాత్రమే మోస్తున్న పిల్లలకు ఇదంతా వర్తించదు. వాళ్లకు జలుబు చేస్తే మామూలు పిల్లల్లాగే చూసుకోవచ్చు. ఈ రెండింటినీ కలిపేసి అనవసరంగా బెంబేలెత్తే ఇళ్లూ ఉన్నాయి.

ఇక హైడ్రాక్సీయూరియా. అది చెస్ట్ సిండ్రోమ్‌ను తగ్గించే మందే. చిన్నపిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలోనూ నొప్పులతో పాటు ఇదీ తగ్గింది. జలుబు, జ్వరం వచ్చినంత మాత్రాన ఆపాల్సిన పనిలేదు. కాకపోతే వైరల్ జ్వరంలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గడం ఉంటుంది, ఈ మందూ వాటిని తగ్గిస్తుంది. ఇవాళ తీసే రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్ల కణాలు) బాగా తక్కువ వస్తే కొన్ని రోజులు ఆపి, కౌంట్లు పెరిగాక మళ్లీ మొదలుపెట్టమంటారు. ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీతో సహా రాయించుకోండి. జ్వరంలో ఆపి, తర్వాత ఎవరూ గుర్తుచేయక నెలలు గడిచిపోయిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. పెన్సిలిన్ మాత్రం ఇంజెక్షన్ నడుస్తున్నన్నాళ్లు అక్కర్లేదనవచ్చు, అది కూడా వాళ్లనే అడిగి, ఇంజెక్షన్ ఆపిన రోజు నుంచి తిరిగి ఇవ్వండి.